ఉప్పునీటికి వర్తించదు

ఆ ఎండాకాలం మా ఆయన మొహం మా ఇంటికంటే పెద్దదైంది.

లెవూకా రేవులో దిగగానే ఎదురుగా, చేపల ఫ్యాక్టరీ గోడ పక్కన, ఇనపకాళ్ల మీద నిలబెట్టిన బోర్డులో వైసాలే నడుంలోతు సముద్రంలో నవ్వుతూ నిలబడి ఉండేవాడు. పైకెత్తిన చేతిలో ఫోను. దాని మీంచి నీళ్లు ధారకట్టి కారుతున్నాయి. కింద నీలం అక్షరాలతో 'నెరీవా. సముద్రానికి భయపడదు' అని. కంపెనీవాళ్లు ఇంగ్లీషులో రాసుకొచ్చిన ఆ మాటల్ని మా ఫిజీ భాషలో పెట్టింది నేనే.

అక్టోబరు చివర్లో, మా దగ్గర ఎండలు మొదలయ్యే రోజుల్లో, సువా నుంచి ప్రకటనలవాళ్లు నలుగురు వచ్చారు. నిజమైన జాలరి కావాలన్నారు. ఆ మాట ఎలా పాకిందో, మర్నాటికల్లా ఊళ్లో గడ్డం గీసుకోని మగాడు లేడు. అందరూ రేవులో వరసకట్టారు. వైసాలే ఒక్కడే తన పడవలో కూర్చుని ఎర ముక్కలు కోసుకుంటున్నాడు. వచ్చినవాళ్లకి పెద్ద, రొవీనా అనే అమ్మాయి, వరసనంతా దాటుకుని వెళ్లి అతని ముందు ఆగింది.

"ఈయనెవరు?"

"మా బావేనండీ," అన్నాడు నా తమ్ముడు ఎపరామా, వరసలోంచి బయటికొచ్చి. "తీసుకోండి. పళ్లు చూశారా, ఫ్యాక్టరీలో అచ్చుపోసినట్టుంటాయి. బుర్రలో మాత్రం ఏమీ ఉండదు, కానీ అది ఫోటోలో పడదుగా."

"నీకు బుర్రా లేదు, పళ్లూ లేవు. అందుకే నిన్నడగలేదు," అన్నాడు వైసాలే కత్తి దించకుండా. రేవంతా నవ్వింది. బావాబామ్మర్దులు ఎక్కడ కలిసినా అంతే. ఒకళ్లనొకళ్లు తిట్టుకోకుండా వాళ్లకి ముద్ద దిగదు.

ఫోటోలు తీసిన సాయంత్రం వైసాలే ఇంటికొచ్చి పడీ పడీ నవ్వాడు. తన చేతికిచ్చింది ఫోను కాదట, ఉత్త డొల్లట. లోపల ఏమీ లేదు. అద్దంమీద వెలుగు తర్వాత కంప్యూటర్లో పెడతారట. మీదనుంచి పోసిన నీళ్లు కూడా సముద్రానివి కావు, స్కూలు ట్యాంకులోవి. ఉప్పు పడితే కెమెరా పాడవుతుందని బక్కెట్లతో మోయించారట.

"సముద్రంలో నిలబెట్టి మంచినీళ్లు పోశారే నామీద," అన్నాడు. "మా అమ్మ చూస్తే తన కొడుక్కి మళ్లీ బాప్తిస్మం ఇస్తున్నారనుకునేది."

నేనూ నవ్వాను. మా ఇద్దరికీ పిల్లలు లేరు. ఆ ఇంట్లో నవ్వితే మేమే నవ్వాలి.

మర్నాడు రొవీనా మా వరండాలో కూర్చుని నా ముందు ఒక కాగితం పెట్టింది. నేను మూడో తరగతి టీచర్ని. ఆ కాగితాన్ని జనానికి అర్థమయ్యే ఫిజీ భాషలోకి మార్చమంది. రాసుకుంటూ పోయాను. చిట్టచివర, చీమ అంత అక్షరాలతో ఒక పేరా ఉంది. కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఈ పరికరం మంచినీటి తాకిడిని కొంతసేపు తట్టుకుంటుంది, ఉప్పునీటిలో వాడరాదు, సముద్రంలో తడిసి పాడైతే కంపెనీ హామీ వర్తించదు.

"ఇదేంటమ్మాయ్? పైన సముద్రానికి భయపడదని ఉందిగా?"

"అది అక్కర్లేదు టీచరుగారూ," అంది రొవీనా, కాగితం వైపు చూడకుండానే. చెడ్డ పిల్లేం కాదు. రెండు రోజులూ నా చేతి చేమాకు కూర అడిగి మరీ తింది. "అది పెట్టెమీద ఇంగ్లీషులో ఎలాగూ ఉంటుంది. కరపత్రంలో చోటు లేదు. చదవాలనుకునేవాళ్లు అక్కడ చదువుకుంటారు."

"మావాళ్లు పెట్టెల మీద చదవరు."

"మావాళ్లూ చదవరండీ. ఎవరూ చదవరు."

నేను ఆ పేరా వదిలేశాను. వదిలేయడానికి కలం ఎత్తితే చాలు.

*

కంపెనీ వైసాలేకి నిజం ఫోను ఒకటిచ్చింది. నాలుగో రోజున సముద్రంలో ఒక అల పడవలోకి ఎగిరి పడింది. ఫోను రెండుసార్లు మిణుక్కుమని చచ్చిపోయింది. రొవీనాకి కబురు చేస్తే మర్నాటి పడవలో ఇంకోటి వచ్చింది. 'మొదటిది ఎక్కడో ఖరాబు ముక్క, ఎవరికీ చెప్పకండి' అని చీటీతో సహా.

అప్పటినుంచి వైసాలే ఫోన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి మూతబిగించి తీసుకెళ్లేవాడు. తిరిగి వచ్చేటప్పుడు రేవు కనబడే ముందు బయటికి తీసి జేబులో పెట్టుకునేవాడు. జనం చూస్తారుగా.

"బోర్డు మీదేమో నీళ్లలో ముంచుతున్నావు, ఇక్కడేమో పసిపిల్లకి పొత్తిగుడ్డల్లా చుడుతున్నావు," అన్నాను ఒక పొద్దున.

"ఊరుకోవే. సువాలో సభకి పిలిచారు. వద్దంటే బాగోదు."

ఆ సభ తర్వాత ఇంకో సభ. నౌసోరీలో, లాటోకాలో, లంబాసాలో కొత్త కొట్లు తెరిస్తే అతను వెళ్లి నిలబడాలి. నీలం చొక్కా ఇచ్చారు. నవంబరు దాటేసరికి వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండేవాడు కాదు. రేడియో ప్రకటనలో మాత్రం రోజుకి ఆరుసార్లు మాట్లాడేవాడు. నేను కర్రపెండలం చెక్కుతుంటే నా వెనకనుంచి అతని గొంతు వచ్చేది. "నేను లెవూకా జాలరిని. నా సముద్రం నాకు తెలుసు. నా ఫోను నెరీవా." మొదట్లో ఉలిక్కిపడి వెనక్కి తిరిగేదాన్ని. తర్వాత తిరగడం మానేశాను. ఇద్దరికి వండటం మాత్రం చేతికి అలవాటై మానలేకపోయాను. మిగిలింది పక్కింటి కోళ్లకి పోసేదాన్ని.

డిసెంబరులో బళ్లు మూసేశారు. పగళ్లు మరీ పొడుగైపోయాయి. ఊళ్లో ఎవరి చేతిలో చూసినా అదే ఫోను. రేవులో సరుకు మోసేవాళ్ల దగ్గర, చర్చిలో పాడేవాళ్ల దగ్గర, నా స్కూలు వంటావిడ దగ్గర. బోర్డు మీద పరాయివాడెవడో ఉంటే ఇంతమంది కొనేవాళ్లు కాదని నాకు తెలుసు. అక్కడున్నది వైసాలే. వీళ్లకి చేపలు అప్పుడప్పుడూ ఊరికే ఇచ్చే వైసాలే, చావుకీ పెళ్లికీ ముందుండే వైసాలే.

ఒక శనివారం ఎపరామా వచ్చాడు, మెట్లెక్కకుండానే జేబులోంచి ఫోను తీసి ఊపుతూ.

"అక్కా! ఎవరొచ్చారో చూడు!"

"దేన్ని అమ్మావురా?"

"అడిగేది అదా? పడవలో చేతిరేడియో ఉందిగా, దాన్ని నౌసోరీ వాడికిచ్చేశాను. ఇది ఉండగా అదెందుకు? రెండూ మాట్లాడేవేగా."

ఒడ్డుకి కబురందించే ఆ రేడియో ముంచినా తేల్చినా పనిచేసేది. ఒకసారి తుఫానులో వాణ్ని ఒడ్డుకి చేర్చింది కూడా. వాణ్ని వరండాలో కూర్చోబెట్టి పెట్టెమీది చిన్న అక్షరాలు వేలు పెట్టి చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఒకసారి, మన భాషలో ఒకసారి.

వాడు నవ్వాడు. "అక్కా, మందుసీసా మీద కూడా తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది అని రాస్తారు. తాగడం మానేస్తామా? అయినా బావ పేరు బయటికొచ్చిందని నీకెందుకే అంత ఉడుకు?"

"ఉడుకా నాకు?"

"మరి? ఊరంతా కొనుక్కుంటే నువ్వొక్కదానివే కళ్లజోడు పెట్టుకుని తప్పులు వెతుకుతున్నావు. మేం నీ మూడో తరగతి పిల్లలమా?"

*

మర్నాడు ఆదివారం వైసాలే ఊళ్లోనే ఉన్నాడు. చర్చి అయ్యాక మా ఇంట్లోనే భోజనాలు. పాస్టరుగారు, ఎపరామా, వాడి భార్య లోసాలినీ. గుంటపొయ్యిలో కాల్చిన చేప, చేమదుంపలు చాపమీద పరిచాం. ఎపరామా ముక్క నోట్లో పెట్టుకుంటూ అన్నాడు:

"బావా, నీ పెళ్లానికి కొంచెం నచ్చజెప్పవయ్యా. ఈ ఫోను సముద్రంలో పనిచేయదంటోంది. బోర్డుమీద ఉన్నది నువ్వు, చదువుకున్నది ఆవిడ. ఎవర్ని నమ్మమంటావు?"

అందరూ వైసాలే వైపు చూశారు. పాస్టరుగారు కూడా చెయ్యి ఆపారు. ఆయన పక్కన కొత్త ఫోను పెట్టె ఉంది.

వైసాలే చేపముల్లు ఒకటి నోట్లోంచి తీసి ఆకు అంచున పెట్టాడు.

"నాది పనిచేస్తోంది," అన్నాడు.

అది అబద్ధం కాదు. రెండోది, రెండు సంచుల్లో చుట్టినది, పనిచేస్తూనే ఉంది. నేను నోరు తెరిచి చెప్పొచ్చు. మొదటిది చచ్చిందనీ, ఐస్‌క్రీం డబ్బా సంగతీ, నేను రాయని ఆ పేరా సంగతీ. పాస్టరుగారి ముందు మొగుడి మాట తీసేయడానికి నోరు రాలేదు. అదొక్కటే కాదు, ఆ పేరా సంగతి చెప్పాలంటే నా సంగతీ చెప్పాలి. "ఇంకొంచెం కొబ్బరిపాలు పోయనా?" అని లోసాలినీని అడిగాను.

తిన్నాక బావాబామ్మర్దులు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లారు. చాలాసేపు రాలేదు. వచ్చాక ఎపరామా ఎప్పట్లాగే నవ్వుతూనే ఉన్నాడు.

ఆ రోజునుంచి నేను వైసాలేతో అవసరమైనవే మాట్లాడాను. ఉప్పు కావాలా, చొక్కా ఉతకాలా, పడవ ఎన్నింటికి. అతను రెండు మూడుసార్లు ఏదో మొదలుపెట్టబోయాడు. నేను గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయాను. క్రిస్మస్ అలాగే గడిచింది. జనవరి మొదటి వారంలో లంబాసా వెళ్లాడు.

ఆ బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి లోసాలినీ చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. "వదినా, నీ తమ్ముడు ఫోను చేశాడు, పడవ ఇంజను ఆగిపోయిందట. బటికీ దీవి కనిపిస్తోంది, ఎవర్నైనా పంపు అన్నాడు, ఎటువైపో చెబుతుండగానే నీళ్ల చప్పుడైంది. ఆ తర్వాత పలకట్లేదు."

మళ్లీ మళ్లీ చేశాం. లేదు.

పడవలు వెళ్లాయి. ఆ రోజు గాలి ఎటు పడితే అటు తిరిగింది. కనబడితే చాలు అనుకున్న మనిషి ఏ వైపు కొట్టుకుపోయాడో తెలీదు. మర్నాడు మధ్యాహ్నానికి వైసాలే లంబాసా నుంచి దిగాడు. ఇంటికి రాలేదు. నీలం చొక్కాతోనే రేవులో తన పడవెక్కాడు. ఆ సాయంత్రం చీకటి పడ్డాక వచ్చి, పెట్రోలు నింపుకుని, తెల్లవారుతుండగానే మళ్లీ వెళ్లాడు. నేను లోసాలినీ ఇంట్లో చాపమీద ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాను. అందరూ ప్రార్థన చేస్తున్నారు. నాకు మాత్రం నోట్లో ఆ ఒక్క పేరాయే తిరుగుతోంది, నేను రాయకుండా వదిలేసిన మా భాషలో, మాట మాటా కుదురుగా.

మూడో రోజు పొద్దున సవుసవు వెళ్లే సరుకుల ఓడ నైరాయ్ దీవి అవతల వాణ్ని చూసింది. బతికే ఉన్నాడు. పెదాలు పగిలిపోయి, వీపు తోలు ఊడిపోయి ఉన్నాడు. లంగరు తాడుకి కోసుకుపోయి కుళ్లిన ఎడమకాలి వేళ్లు రెండు తీసేయాల్సి వచ్చింది.

ఆస్పత్రిలో వాడు నాతో అన్న మొదటి మాట:

"తప్పు నాదే అక్కా. కింద చిన్న రబ్బరు మూత ఉంటుంది చూడు, అది సరిగ్గా నొక్కలేదు."

తలగడ పక్కన ఆ చచ్చిన ఫోను ఉంది. మూడు రోజులూ చేతిలోంచి వదల్లేదట.

నాలుగు రోజులకి రొవీనా పళ్లబుట్టతో, కొత్త ఫోనుతో వచ్చింది. మంచం పక్కన కూర్చుని నిజంగానే కళ్లు తుడుచుకుంది. తర్వాత, నువ్వూ బోర్డు మీద నిలబడతావా అని అడిగింది. ఎపరామా ఒప్పుకున్నాడు. అడగటమే ఆలస్యం అన్నట్టు ఒప్పుకున్నాడు. వైసాలే కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. నెల తిరిగేసరికి రెండో బోర్డు లేచింది. కర్ర పట్టుకుని నిలబడ్డ నా తమ్ముడు. 'మూడు రోజులు నడిసముద్రంలో. చేతిలో నెరీవా.' అందులోనూ అబద్ధం లేదు. ఈసారి భాషలో పెట్టమని నన్నడిగారు, కుదరదన్నాను. ఇంకెవరో పెట్టారు. ఒక అక్షరం తప్పు కూడా పోయింది.

నేను ఆ చివరి పేరాని మన భాషలో పెద్ద అక్షరాలతో రాసి చర్చి తలుపుకి, రేవు గోడకి అంటించాను. రెండో రోజుకి దానికింద ఎవరో పెన్సిలుతో రాశారు: 'పాపం టీచరమ్మ, మొగుడు దగ్గర లేక.' లోసాలినీ వీధిలో ఆపి అడిగింది. "వదినా, నా మొగుడు చావు తప్పించుకొచ్చి నాలుగు రోజులు గొప్పగా కనబడుతుంటే నీ కడుపెందుకు మండుతోంది? నీ మొగుడు బోర్డెక్కినప్పుడు మేం ఏడ్చామా?"

ఫిబ్రవరిలో వైసాలే వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "సువా కొట్లో ఉద్యోగం ఇస్తున్నారు. కౌంటరు దగ్గర. రోజూ ఉండాలి."

"వెళ్లు," అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని కాసేపు నిలబడ్డాడు. సంచి సర్దుకుని వెళ్లాడు.

*

మార్చిలో ఒక సాయంత్రం ఎపరామా ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇక మోయలేక చెప్పేశాను. కరపత్రంలో ఆ పేరా ఉండాల్సిందనీ, నేనే వదిలేశాననీ, ఆదివారం భోజనం దగ్గర నాకన్నీ తెలిసే నోరు మూసుకున్నాననీ, వైసాలే మొదటి ఫోను నాలుగో రోజే చచ్చిందనీ.

వాడు వలలోంచి తలెత్తలేదు. "తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఫోను చచ్చిన సంగతి. బావ ఆ రోజే చెప్పాడుగా, పెరట్లో. చేతులు పట్టుకుని చెప్పాడు, పాస్టరుగారి ముందు అనలేకపోయాను, నువ్వు మాత్రం దాన్ని నమ్ముకోకు, పోయి రేడియో వెనక్కి తెచ్చుకో అన్నాడు. నా రేడియో ఇస్తాను తీసుకో అని కూడా అన్నాడు."

"మరి నువ్వు?"

"సరే అన్నాను." సూది దారంలో ముడిపడింది, విప్పుకున్నాడు. "ఏమోనే అక్కా. తెలుసు. తెలిసి కూడా, పడవెక్కేటప్పుడు జేబు తడుముకుంటే అది తగిలేది. బోర్డు కనిపించేది. బావకి అయింది గానీ నాకు కాదులే అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు బావ చెప్పే ఉంటాడనుకున్నాను."

చెప్పబోయాడు. రెండు మూడుసార్లు. నేను గిన్నెలు సర్దుకున్నాను.

ఆ శనివారం తెల్లవారుజామున బస్సెక్కి, పడవలో అవతలికి దాటి, మళ్లీ బస్సెక్కి సువా చేరాను. కొట్టు పెద్దది, అద్దాలది, లోపల చలి. వైసాలే కౌంటరు వెనక ఉన్నాడు. కొంచెం చిక్కాడు. అతని ముందు ఒక తల్లీ, ఎదిగిన కూతురూ నిలబడి ఉన్నారు. నేను తలుపు పక్కన ఆగాను. అతను పెట్టెని తిరగేసి, అడుగున వేలు పెట్టి చదువుతున్నాడు.

"ఇక్కడ చూడండమ్మా. ఉప్పునీళ్లలో పనికిరాదు. పడవమీద వెళ్లేవాళ్లుంటే రేడియోనే పెట్టుకోమనండి. నా మొదటిది నాలుగు రోజుల్లో పోయింది. మా బామ్మర్ది చచ్చి బతికాడు."

తల్లి తల ఊపింది. "ఎంత నిజాయితీగా చెప్పావు నాయనా. ఇలా చెప్పేవాళ్లు ఎక్కడున్నారు?" అంది. కూతురి వైపు తిరిగి, "రెండు తీసుకుందామే," అంది.

వాళ్లు వెళ్లాక నేను ముందుకొచ్చాను. అతను తలెత్తాడు. ఏం మాట్లాడాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చిందంతా పోయింది.

"తిన్నావా?" అన్నాను.

"ఇంకా లేదు."

సముద్రపు ఒడ్డున గోడ మీద కూర్చుని, నేను తెచ్చిన చేపా కర్రపెండలమూ ఇద్దరం తిన్నాం. ఎపరామా చెప్పిన సంగతి చెప్పాను. తలాడించాడు. నన్నేమీ అనలేదు, అదే కష్టంగా ఉంది.

"అందరికీ అలాగే చెబుతావా?"

"అందరికీ."

"చెప్పినా కొంటారా?"

"చెప్పినందుకే కొంటారే. ఇంత నిజం చెప్పేవాడు చెడ్డ సరుకు అమ్ముతాడా అనుకుంటారు. అమ్మకాల్లో ఈ దీవిలో మా కొట్టే మొదటిదట. మేనేజరు భుజం తట్టాడు."

"మానేసి ఇంటికొచ్చెయ్."

"నేను మానేస్తే ఇంకొకడు నిలబడతాడు. వాడు పెట్టె తిరగెయ్యడు," అన్నాడు.

రెండింటి బస్సుకి ఒక్కదాన్నే తిరిగొచ్చాను.

ఇప్పటికీ నెలకోసారి రెండు రోజులకి వస్తాడు. వచ్చినప్పుడల్లా అన్నం దగ్గర అడుగుతాను, ఈ నెల విని మానుకున్నవాళ్లు ఎంతమందని. తల అడ్డంగా ఊపుతాడు. ఒక్క జూన్‌లో మాత్రం, గుమ్మంలో అడుగుపెడుతూనే చెప్పాడు, ఒకాయన మానుకున్నాడని.

"ఎవరు?"

"ఎవరో ముసలాయన, కడావు దీవి నుంచి. చదవడం రాదట. నేను చెప్పిందంతా విని, అయితే వద్దులే బాబూ అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు."

ఆ రెండు రోజులూ అతను ఆ ముసలాయన గురించే మాట్లాడాడు. ఎలా నిలబడ్డాడో, టోపీ ఎలాంటిదో. తిరిగి పడవెక్కేటప్పుడు కూడా, పేరైనా అడగలేదే అని బాధపడ్డాడు.